దొరగారు చూసిన వసుంధర

పిలవని పేరంటంలా వచ్చిపడ్డాయి నత్తలు.

సీతాపతి మొదట చూసింది ఒక్కదాన్నే. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ముందుగదిలో చేపల తొట్టె ఎదురుగా కూర్చోవడం ఆయనకు అలవాటు. అద్దానికి లోపలివైపు మినపగింజంత నల్లటిదేదో అంటుకుని ఉంది. బయటినుంచి గోటితో గీకాడు, పోలేదు. కళ్లజోడు సర్దుకుని చూస్తే అది కదులుతోంది. వీపు మీద చుట్టలు తిరిగిన చిన్న గుల్ల, కింద తడితడిగా పాదం, ముందు దారప్పోగుల్లాంటి రెండు మీసాలు. వెళ్లిన దారి పొడుగునా అద్దం మీది పాచిని శుభ్రంగా తుడుచుకుంటూ పోతోంది.

"రామ్మా, రా. మా ఇంట్లో పనిమనిషి మానేసి చాలా రోజులైంది," అన్నాడు సీతాపతి దానితో.

వారం తిరిగేసరికి తొట్టె నిండా అవే. ఇసుక మీద, మొక్కల కాడల మీద, నీళ్లు శుభ్రం చేసే గొట్టం మీద, ఎక్కడ చూస్తే అక్కడ. కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైన మనిషి కాబట్టి, ఏ వస్తువైనా ఏ అరలోదో తేలేదాకా ఆయనకు మనసు మనసులో ఉండదు. ఒకదాన్ని చెంచాతో తీసి, భూతద్దం కింద పెట్టి చూశాడు. కొన పైకి వచ్చేలా పట్టుకుంటే గుల్ల నోరు ఎడమవైపుకు తెరుచుకుంది. అంటే చెరువుల్లో, కాలవల్లో దొరికే మామూలు నత్తే. కానీ పాదం అంచున సన్నగా, సిరాతో గీసినట్టు ఒక నీలిగీత ఉంది. ఆ గీత సంగతి ఆయన చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

బజారులో చేపల దుకాణం మస్తాన్ ఆ గీత గురించి విని పెద్దగా పట్టించుకోలేదు. నత్తలు మొక్కలకు అంటుకుని గుడ్ల రూపంలో వస్తాయని, మేత ఎక్కువైతే పెరుగుతాయని చెప్పాడు. మందు వేస్తే నత్తలతోపాటు చేపలకూ ఎసరు పెట్టినట్టే అన్నాడు. మేత తగ్గించి, సాయంత్రం ఒక క్యాబేజీ ఆకు నీళ్లలో వేసి, పొద్దున నత్తలతో సహా ఎత్తేయమన్నాడు. సీతాపతి అలాగే చేశాడు. పొద్దున చూస్తే ఆకు వేసింది వేసినట్టుంది. ఒక్క నత్తా దాని మొహం చూడలేదు.

ఆ తొట్టె ఆయన భార్య వసుంధరది. ఆవిడ పోయి రెండో సంవత్సరీకం కూడా అయిపోయింది. అందులో అరచేతంత ఎర్రచేప ఒకటి ఉండేది. దాని నడకా, ఆ కళ్లూ చూసి వసుంధర దానికి దొరగారని పేరు పెట్టింది. "దొరగారు భోంచేశారా?" అని అడిగేది గానీ, ఏనాడూ నువ్వు అని ఎరగదు. మేత వేసేముందు వేలి ఉంగరంతో అద్దం మీద రెండు తట్లు తట్టేది. కాస్త ఆగి, ఇంకొకటి. దొరగారు ఎక్కడున్నా కుడివైపు ముందుమూలకు వచ్చి, పైకి తేలి, నోరు తెరిచేవారు.

పక్షవాతం వచ్చి మాట పడిపోయాక వసుంధర అదే పిలుపు మంచం కోడు మీద వాడింది. రెండు తట్లు, ఆగి ఒకటి. సీతాపతి వంటింట్లోంచి పరుగెత్తుకు వచ్చేవాడు. "దొరగారికీ నాకూ ఒకటే పిలుపా?" అని ఆయన వేళాకోళం చేస్తే, ఆవిడ పెదవి ఒక పక్కన మాత్రం నవ్వేది. ఆవిడ పోయాక ఆయన చేపలకు చప్పుడు చేయకుండా మేత వేస్తూ వచ్చాడు. ఆ పిలుపు పిలవడానికి చెయ్యి రాలేదు.

పోయిన నెల సీతాపతి సామర్లకోటలో బంధువుల పెళ్లికి వెళ్లి వచ్చేసరికి దొరగారు లేరు. వయసు మీరిన చేపే. ఇసుక మీద తెల్లటి వెన్నుముల్లు మాత్రం మిగిలింది. తొట్టెలో మిగతా చిన్న చేపలు అంత శుభ్రంగా ఎలా తిన్నాయా అనుకున్నాడు అప్పుడు.

ఆ తరవాతే ఆ కల మొదలైంది. మధ్యాహ్నం పడకకుర్చీలో కునుకు తీస్తుంటే వచ్చేది. పైన ఎక్కడో వెలుగు ఉంటుంది. ఆ వెలుగుకు అడ్డంగా పెద్ద నీడ ఒకటి మెల్లగా వంగుతుంది. ముఖం ఉండదు, పేరు ఉండదు. అయినా దాన్ని చూడగానే పక్కటెముకల పొడుగునా హాయి పాకుతుంది. పైనుంచి మంచిదేదో రాబోతోందని ఒళ్లంతా నమ్ముతుంది. అంతలో మెలకువ వచ్చేది. లేచేసరికి ఆయన నోరు తెరుచుకుని, పెదవులు మెల్లగా కదులుతూ ఉండేవి. వయసు మహిమ అనుకున్నాడు.

వయసు మహిమ అనుకున్నది ఇంకొకటీ ఉంది. కింది వాటాలో సూర్యకుమారి గారి మనవరాలు చిట్టికి ఏడాదిన్నర. ఎవరు చేతులు చాపినా దూకేసే పిల్ల. ఈమధ్య ఆయన ఎత్తుకుందామని వంగితే కెవ్వుమని ఏడ్చి, గోడవైపు పాకిపోయింది. కొత్త కళ్లజోడు చూసి జడుసుకుందేమోనని మర్నాడు అది లేకుండా దిగి, మెట్టు తప్పి పడబోయాడు. పిల్ల అప్పుడూ ఏడ్చింది.

*

ఆదివారం ఇందుమతి వచ్చింది. సీతాపతి ఒక్కగానొక్క కూతురు. కాకినాడ రేవు దాటాక, సముద్రం ఒడ్డున ఉన్న జీవశాస్త్ర పరిశోధనాలయంలో పనిచేస్తుంది, అక్కడి క్వార్టర్సులోనే ఉంటుంది. పుట్టింటికి ఒట్టి చేతులతో రాకూడదని తల్లి చెప్పిన మాట ఆమె ఏనాడూ తప్పలేదు. ఈసారి కాజాల పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది. నత్తల సంగతి తండ్రి చెబుతుంటే నవ్వింది.

"క్యాబేజీ తినవా? పప్పులో వేసి పెట్టకపోయావా?"

"అదీ అనుకున్నాను. తాలింపు పెట్టాలేమోనని," అని ఆయన కాఫీ కలపడానికి లోపలికి వెళ్లాడు.

పాలు పొంగుతున్నాయి. సరిగ్గా అప్పుడు ముందుగదిలోంచి ఆ చప్పుడు వినిపించింది. అద్దం మీద ఉంగరం. రెండు తట్లు. కాస్త ఆగి, ఇంకొకటి.

పాలు పొయ్యి మీదికి పొర్లిపోయినా సీతాపతి కదలలేదు.

"నాన్నా," అంది ఇందు. తల్లిని తలుచుకుని తన ఉంగరంతో తట్టింది ఆమే. "ఒకసారి ఇలా రా."

నత్తనడక అనే మాట పుట్టించినవాళ్లు వాటిని చూసి ఉండరు. ఇసుకలోంచి, ఆకుల చాటునుంచి, గొట్టం వెనకనుంచి, తొట్టెలో ఉన్న నత్తలన్నీ ఒకే దిక్కుకు కదులుతున్నాయి. కుడివైపు ముందుమూలకు వచ్చి, అద్దం పట్టుకుని పైకెక్కి, నీటి అంచున వరసగా ఆగి, చిన్న చిన్న నోళ్లు తెరిచాయి. అది దొరగారి మూల. ఆ పిలుపు ఆ ఇంట్లో వినిపించి రెండేళ్లు దాటింది. ఈ నత్తలు పుట్టి రెండు నెలలు కూడా అయి ఉండదు.

ఇందు ఫోను వెలుగు అద్దానికి ఆనించి చూసింది. ప్రతి పాదం అంచునా నీలిగీత. ఆమె అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

"ఈ మొక్క నేను దీపావళికి తెచ్చిందేనా?"

"అదే. తొట్టె బోసిగా ఉందని తెచ్చావుగా."

"ఇవి మావి నాన్నా. మా ల్యాబువి. ఆ గీత మేమే పెట్టాం, తప్పిపోతే గుర్తుపట్టడానికి."

అక్కడే, నేల మీద కూర్చునే ఆమె చెప్పింది. జీవి నేర్చుకున్నది ఒంట్లో ఒక సన్నటి పదార్థంగా కూడా నిలుస్తుంది. వెలుగు పడితే ముడుచుకోవాలని ఒక నత్తకు నేర్పి, ఆ పదార్థాన్ని తీసి మరో నత్తకు ఎక్కిస్తే, నేర్పకుండానే అదీ ముడుచుకుంటుంది. అయితే కడుపులోకి వెళితే అది అరిగిపోతుంది. ఇందు వాళ్లు చేసింది, అది అరగకుండా నిలిచే జాతిని తయారుచేయడం. ఈ నత్తలు ఏ ప్రాణిని తింటే ఆ ప్రాణి నేర్చుకున్నది వాటికి వస్తుంది. వాటి జిగురులోకీ, పిల్లల్లోకీ వెళుతుంది. మాట పడిపోయినవాళ్లకు మాటను చెంచాడు మందులా తాగించగలిగే రోజు తేవాలని వాళ్ల తాపత్రయం. ఇందు ఆ పనిలో చేరింది తల్లి మంచాన పడిన ఏడాదే. తల్లికి అందలేదు.

మొక్కను ఆమె నత్తల గదిలోంచి తేలేదు. మేతమొక్కలు పెంచే బయటి తొట్టెలోంచి తెచ్చింది. అక్కడ నత్తలు ఉండకూడదు. ఏ ఆకు కిందో గుడ్ల జిగురు చుక్క ఒకటి ఉండి ఉంటుంది.

"ఇవి దొరగారిని తిన్నాయి," అన్నాడు సీతాపతి.

"ఊఁ."

నీటి అంచున ఆ నోళ్లు ఇంకా తెరుచుకునే ఉన్నాయి. కాసేపటికి సీతాపతి లేచి మేత డబ్బా తెచ్చి, చిటికెడు చల్లాడు. పిలిచాక పెట్టకపోతే ఎలా అన్నాడు.

*

మర్నాడు ఇందు తండ్రిని ల్యాబుకు తీసుకెళ్లింది. తను చేసిన పని ఎవరూ అడక్కముందే డైరెక్టరుకు చెప్పేసింది. లోపల తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడారు. బయటికి వచ్చాక, ఆరు నెలలపాటు తనను ప్రయోగాల గడప తొక్కవద్దన్నారని, ఆలోపు ఇంట్లో నత్తలన్నీ ఏరి శుభ్రం చేసే బాధ్యత మాత్రం తనకే ఇచ్చారని చెప్పింది. మందలించే గొంతు సీతాపతికి ఎప్పుడూ లేదు. కాజాలు ఇక్కడ తిననిస్తారా అని అడిగాడు. ఆమె కళ్లు తుడుచుకుని, తిననివ్వరు అంది.

అద్దాల వెనక ఎలుకల గది కనిపించింది. ఒక బోనులో దీపం వెలిగించగానే ఎలుకలన్నీ రేకుడబ్బా కిందికి దూరి, ఒకదాని మీద ఒకటి పడి వణికాయి. వెలుగంటే భయపడే నత్తలను తిన్న ఎలుకలట. నిన్నటిదాకా పాలు తాగుతున్న పిల్లలు కూడా వణుకుతున్నాయి.

"మంచీ వెళుతుంది, భయమూ వెళుతుంది. ఏది వెళ్లాలో మనం చెప్పలేకపోతున్నాం," అంది ఇందు. "అందుకే మనుషుల దాకా తేలేదు." తరవాత ఏదో తట్టినట్టు ఆగింది. "నువ్వు తొట్టె నీళ్లెలా మారుస్తావు?"

"గొట్టం ఒక కొస నీళ్లలో పెట్టి, రెండోది నోట్లో పెట్టుకుని లాగుతాను. మీ అమ్మ డబ్బాలోంచి కిరసనాయిలు అలాగే లాగేది."

"మింగావా?"

"గుక్కెడు పోతూనే ఉంటుందిగా."

ఆమె వెంటనే పక్కగదిలో ఆయన చేతినుంచి రక్తం తీయించింది. ఫలితం వచ్చేదాకా ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. సముద్రం మీదినుంచి ఉప్పుగాలి వస్తోంది. అప్పుడు ఆయన కల గురించి చెప్పాడు. వెలుగు, వంగే నీడ, పక్కటెముకల వెంబడి పాకే హాయి.

ఫలితం వచ్చింది. ఆ పదార్థం ఆయన రక్తంలో ఉంది.

"భయం లేదు నాన్నా," అంది ఇందు తండ్రి చెయ్యి పట్టుకుని. "మళ్లీ మళ్లీ అందకపోతే మెల్లగా పోతుంది. నెలో, నెలన్నరో."

ఆమె శుభవార్త చెప్పినట్టే చెప్పింది. సీతాపతి తలవంచుకున్నాడు.

"మీ అమ్మను పెళ్లినాటినుంచి చూశాను," అన్నాడు. "కోపంలో చూశాను, జ్వరంలో చూశాను. అప్పుడప్పుడు చూడకుండా పేపరు కూడా చదువుకున్నాను. మనిషన్నాక అన్నీ కలిసిపోతాయి కదమ్మా. దొరగారికి ఇవేవీ లేవు. ఆయనకు ఆవిడంటే వచ్చే మంచి, అంతే. అలా చూడటం నాకు చేతకాలేదు. ఇప్పుడు చూస్తున్నాను."

ఇందు ఆయన చెయ్యి వదల్లేదు. ఆ తరవాత అడగక తప్పని మాట అడిగింది. ఆ మొక్క ఇంకెవరికైనా ఇచ్చావా అని.

ఏపుగా పెరిగిన మొక్కను కొమ్మ తుంచి పంచకుండా వసుంధర ఉండలేకపోయేది. గోంగూర మడి అయినా, మల్లెతీగ అయినా సరే. ఆవిడ పోయాక ఆ అలవాటు కూడా ఇంటితోపాటు ఆయనకు మిగిలింది.

"కింద," అన్నాడు సీతాపతి. "సూర్యకుమారి గారికి."

*

మొక్క వేసిన గాజుగిన్నె సూర్యకుమారి ముందుగదిలో పొట్టి బల్ల మీద ఉంది, చిట్టి చేతికి అందే ఎత్తులో. అందులో చేప లేదు. నెల కిందట పిల్లి ఒకటి వంగి, పంజా ముంచి, చేపను లాగబోయిందట. సూర్యకుమారి అదిలిస్తే వదిలేసి పోయింది. గాయపడిన చేప మర్నాటికి చచ్చిపోయింది. మొక్క బాగుంది కదా అని గిన్నె అలాగే ఉంచారు. చచ్చిన చేప ఏమైందో ఎవరూ చూడలేదు. ఇందు గిన్నె మీదికి వంగింది. ఆమె నీడ పడీపడకముందే నత్తలన్నీ అద్దం వదిలేసి టపటపా రాలి, గులకరాళ్ల కిందికి దూరాయి.

చిట్టి గిన్నెలో వేళ్లు ముంచడం, ఆ వేళ్లు నోట్లో పెట్టుకోవడం ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతే. ఎన్నిసార్లు కసిరినా మానేది కాదు.

"దిష్టి తీయించానండి, తాయెత్తు కట్టించానండి," అని చెప్పుకొచ్చింది సూర్యకుమారి. పిల్ల తల్లి ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చి ఎత్తుకుందామని వంగితే పిల్ల గోడకు అంటుకుపోతోంది. పక్కన పడుకుని, పాక్కుంటూ దగ్గరకు తీసుకోవాల్సి వస్తోంది. "సొంత తల్లండీ, అన్నయ్యగారూ. అది వంగితే ఇది వణికిపోతుంది. మా అమ్మాయి బాత్రూములోకెళ్లి ఏడుస్తోందండి."

ఇందు ఏదీ దాచలేదు. మొక్క తెచ్చింది తానని, ఇచ్చింది తండ్రి అని, పిల్లలో ఉన్నది పిల్లి చేతిలో చచ్చిన చేప భయమని చెప్పింది. గిన్నె తీసేస్తే కొన్ని వారాల్లో పోవచ్చని, కానీ ఎలుకల్లో పోయినంత తేలిగ్గా పసిపిల్లలో పోతుందో లేదో తనకు తెలియదని కూడా చెప్పింది. అంతా విని సూర్యకుమారి గిన్నె మీద కంచం బోర్లించి, రెండు చేతులతో ఎత్తి ఇందుకు ఇచ్చింది.

"ప్రేమగా ఇచ్చారు కదాని తీసుకున్నాను," అంది సీతాపతితో. "పెద్దవారు. మిమ్మల్ని ఏమనను?"

తిట్టినా బాగుండునని ఆయనకు అనిపించింది.

పైకి వచ్చాక ఆయన కూతుర్ని అడిగాడు. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు. పైనుంచి వంగే నీడ మంచిదని తన తొట్టెలో నత్తలకు తెలుసు. ఒక్క చెంచాడు ఆ నీళ్లు పాపకు పట్టిస్తే?

"వద్దు నాన్నా. దొరగారికి తెలిసింది అదొక్కటే అని ఎలా చెప్పగలం? మనకు తెలియకుండా ఇప్పటికే ఒక పిల్లకు పట్టించాం."

సీతాపతి సిగ్గుపడ్డాడు. పాప కోసం అడిగిన మాటే, అబద్ధం లేదు. కానీ ఆ మాట చాటున, తొట్టెను ఇంకొన్నాళ్లు ఉంచుకోవచ్చునన్న ఆశ కూడా నక్కి ఉందని ఆయనకు తెలుసు.

ఇంక మిగిలింది ఏరివేయడం. క్యాబేజీకి అవి రావు. ఒక్కొక్కటే ఏరితే ఇసుకలో సగం ఉండిపోతాయి. అన్నీ ఒక్కచోటికి వచ్చే దారి ఒక్కటే ఉంది. ఇందు ఉంగరం వేలు అద్దం దగ్గరకు తీసుకెళ్లి, తట్టలేక ఆగిపోయింది.

"ఉండు," అన్నాడు సీతాపతి. "అది అన్నానికి పిలిచే పిలుపు. ముందు పెడదాం."

ఆయన డబ్బా మూత తీసి పక్కన పెట్టుకున్నాడు. వసుంధర పోయాక మొదటిసారి తన వేలి ఉంగరంతో అద్దం మీద తట్టాడు. రెండు. ఆగి, ఒకటి. అవన్నీ వచ్చాయి. దొరగారి మూలలో వరసగా నోళ్లు తెరిచాయి. ఆయన మేత చల్లి, అవి తినడం పూర్తయ్యేదాకా నిలబడ్డాడు. అప్పుడు ఇందు వలగరిట ముంచింది. మూత బిగించిన సీసాను మంచుపెట్టెలో పెడుతూ, చలికి అవి ముందు నిద్రపోతాయని, ఆ తరవాత వాటికేమీ తెలియదని చెప్పింది. నిజమేనా అని ఆయన అడిగాడు. నిజమే అంది.

చిన్న చేపలను ల్యాబువాళ్లు పరీక్షకు పట్టుకెళ్లారు. మొక్కలను పటిక నీళ్లలో నానబెట్టి, ఆనక తగలబెట్టారు. ఇసుకను మరిగించారు. కింది గిన్నెలో నత్తలు ఏ పిలుపుకీ రావు కాబట్టి ఇందు గులకరాళ్లను ఒక్కొక్కటే ఎత్తి ఏరింది.

సాయంత్రం ఇందు వెళ్లిపోయాక సీతాపతి ఖాళీ తొట్టెను తుడుస్తున్నాడు. నీటి గొట్టం మలుపులో ఒక నత్త మిగిలి ఉంది. పిల్ల నత్త, ఆవగింజ కంటే కాస్త పెద్దది. అరచేతిలో వేసుకుంటే మీసాలు చాపి, బొటనవేలివైపు నడిచింది. పాదం చల్లగా ఉంది. ఒక గ్లాసెడు నీళ్లు చాలు దీనికి. వంటింటి కిటికీలో పెట్టుకుంటే ఎవరికీ తెలియదు. దీని పిల్లలు, వాటి పిల్లలు. ఆ మధ్యాహ్నపు వెలుగు, ఆ నీడ, తను ఉన్నన్నాళ్లూ.

కింది వాటాలో తలుపు చప్పుడైంది. డ్యూటీనుంచి పిల్ల తల్లి వచ్చినట్టుంది. ఆ వెంటనే చిట్టి ఏడుపు మెట్ల మీదుగా పైకి వచ్చింది.

సీతాపతి నత్తను మందుసీసాలో వేసి, మూత బిగించి, కూతురికి ఫోను చేశాడు. "ఒకటి మిగిలిందమ్మా. వచ్చి తీసుకెళ్లు. త్వరగా రా," అన్నాడు. ఎందుకు త్వరగానో ఆమె అడగలేదు.

*

మర్నాడు ఆయన గుప్పెడు మరమరాలు జేబులో వేసుకుని కిందికి దిగాడు. లోపలికి రావచ్చా అని గుమ్మం బయట నిలబడి అడిగాడు. సూర్యకుమారి ఒక్క క్షణం చూసి పక్కకు తప్పుకుంది.

రాత్రంతా ఆయన ఆ కలనే తిరగేసి చూశాడు. అందులో ఆయన ఇంతకాలం గమనించనిది ఒకటి ఉంది. నీడ ఎప్పుడూ ముందు రాదు. ముందు తట్లు వస్తాయి. చెవికి కాదు, పక్కలకు తగులుతాయి. తరవాత ఆ ఆగడం ఉంది చూశారూ, అదే అసలు సంగతి. వస్తున్నాను, నీకిష్టమైతేనే అని చెప్పే వ్యవధి అది. ఆ తరవాతే నీడ, ఎప్పుడూ ఒకే మూలనుంచి, మెల్లగా. చెయ్యి నీటి మీద ఆగుతుంది. చేప దగ్గరకు చెయ్యి ఏనాడూ వెళ్లలేదు. చేపే వచ్చేది. వసుంధరకు ఇదంతా తెలిసి చేసిందో, ఆవిడ తీరే అంతో ఆయనకు తెలియదు. దొరగారికి మాత్రం తెలుసు.

సీతాపతి గదికి ఆ చివర నేల మీద కూర్చున్నాడు. మోకాళ్లు ఒప్పుకోలేదు, అయినా కూర్చున్నాడు. ఉంగరంతో గచ్చు మీద తట్టాడు. రెండు. ఆగి, ఒకటి. ఒక మరమరం తనకూ పిల్లకూ మధ్య పెట్టి, కిటికీవైపు చూస్తూ కూర్చున్నాడు. చిట్టి కదల్లేదు. ఆయన లేచి వెళ్లిపోయాడు. గుమ్మం దాటాక వెనక్కి చూస్తే మరమరం లేదు.

రోజూ వెళ్లాడు. కూర్చుని తట్టేవాడు, తరవాత్తరవాత మోకాళ్ల మీద నిలబడి తట్టేవాడు. నీడ పిల్ల పాదాల దాకా వచ్చేది, ఆపైన ఒళ్లోకి వచ్చేది. ఒకరోజు తొందరపడి ఎక్కువ వంగాడు. పిల్ల బిగుసుకుపోయింది. మళ్లీ మొదటినుంచి, గది చివరనుంచి. సూర్యకుమారి వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తుండేది. ఒకరోజు ఆయన పక్కన కాఫీ గ్లాసు పెట్టి వెళ్లింది. పంచదార లేకుండా కలిపింది, ఆయనకు షుగరని గుర్తుంచుకుని. సీతాపతి ఆ కాఫీని చాలాసేపు తాగాడు.

కల పలచబడుతూ వచ్చింది. ముందు ఆ హాయి పోయింది. ఆ తరవాత నీడ అంచులు చెరిగాయి. ఒక మధ్యాహ్నం వెలుగు ఒక్కటే కనిపించింది. అందులోకి ఎవరూ వంగలేదు. ఆ రోజు ఆయన చాలాసేపు కళ్లు తెరవలేదు, ఇంకొంచెం ఆగితే వస్తుందేమోనని. రాలేదు. లేచి మొహం కడుక్కుని, మరమరాలు జేబులో వేసుకుని కిందికి వెళ్లాడు. తట్టడం చేతికి వచ్చేసింది. అందుకు కల అక్కర్లేదు.

చిట్టి తల్లికి నేర్పడం ఒక్క పూటలో అయిపోయింది. తెల్ల యూనిఫాంలో, భుజాన సంచితో, ఆమె గుమ్మంలోనే ఆగింది. తలుపు మీద తట్టింది. రెండు. కంగారులో ఆగడం మరిచిపోబోయి, గుర్తు తెచ్చుకుని ఆగింది. ఒకటి. ఆమె నీడ గదిలోకి మెల్లగా సాగింది. ఆమె వంగి, చేతులు మధ్యలోనే ఆపేసింది. చిట్టి ఆ చేతులను చూసింది, పైన ముఖాన్ని చూసింది. లేచి, తడబడుతూ నాలుగడుగులు వేసి, చేతులు పైకెత్తింది.

సూర్యకుమారి వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల గిన్నెలు అవసరం లేకపోయినా చప్పుడు చేశాయి.

ఇందు ఈ సంగతి విని సంతోషించింది గానీ, ఆమెలోని శాస్త్రవేత్త కుదురుగా ఉండలేదు. పాప రక్తం పరీక్ష చేయిస్తే అందులో ఆ పదార్థం కూడా దాదాపు పోయింది కాబట్టి, భయం తగ్గింది దానివల్లో, తండ్రి తట్లవల్లో తేల్చలేనంది. రెండూ అయి ఉండవచ్చు, మంచికి ఒక్క కారణమే ఉండాలా అన్నాడు సీతాపతి. తల్లి అలా తట్టేదని తను రాసి పెట్టుకోవచ్చా అని ఆమె అడిగింది. ఆరు నెలల తరవాత మళ్లీ ల్యాబుకు వెళ్లినప్పుడు, మాట పోయినవాళ్ల దగ్గర మందుకంటే ముందు దీన్ని చూస్తానంది.

*

తొట్టెలో మళ్లీ నీళ్లు పోశారు. మస్తాన్ ఇచ్చిన రెండు ఎర్ర చేపపిల్లలు అందులో తిరుగుతున్నాయి. వాటికింకా పేర్లు లేవు, ఏ పిలుపూ తెలియదు. నీళ్లు లాగే గొట్టానికి ఇందు రబ్బరు బుడ్డి బిగించి ఇచ్చింది, నోటితో లాగే పని లేకుండా.

ఆ మధ్యాహ్నం సీతాపతి పడకకుర్చీలో పేపరు గుండెల మీద వేసుకుని నిద్రపోతున్నాడు. కల ఏమీ లేదు. మెట్ల మీద సూర్యకుమారి గొంతు, "మెల్లగా తల్లీ, తాతగారు పడుకున్నారు" అంటూ దగ్గరైంది. తప్పటడుగులు గచ్చు మీదుగా వచ్చి ఆగాయి.

కుర్చీ చేతి మీద ఏదో తగిలింది. రెండు తట్లు. చాలాసేపు, అవసరమైనదానికంటే చాలాసేపు ఆగడం. ఇంకొకటి.

మూసిన రెప్పల మీద వెలుగు తగ్గింది. ఏదో నీడ, చిన్నది, ఆయన మీదికి మెల్లగా వంగుతోంది.

పక్కటెముకల పొడుగునా హాయి పాకింది. ఆయన కళ్లు తెరవలేదు. పెదవులకు చెమ్మగా, నలిగిన మరమరం ఒకటి తగిలింది.

సీతాపతి నోరు తెరిచాడు.